గీకిన రంగు, కప్పిన శాలువా

కంట్రోల్ ప్యానెళ్లు బిగించే పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం నాలుగు మాటలు రాయమని అడిగితే సరేనన్నాను. ఎర్తింగ్ గురించి, కేబుళ్ల గురించి రాస్తాననుకుని ఉంటారు. అవీ వస్తాయి. కానీ ముఖ్యంగా నేను రాయబోయేది కుళ్లు గురించి. ఈర్ష్య, అసూయ అని పుస్తకాల్లో కాస్త అందమైన పేర్లున్నాయి గానీ నాకు కలిగింది అంత అందంగా ఏమీ లేదు. అన్నం సయించనివ్వని, నిద్రలో కూడా పళ్లు కొరికించే కుళ్లు. అదీ నన్ను నోరారా అన్నా అని పిలిచే మనిషి మీద.

మాది వరంగల్‌లో ఒక చిన్న కంపెనీ. రైస్ మిల్లులకు, పత్తి జిన్నింగ్ మిల్లులకు ప్యానెళ్లు తయారుచేసి, తీసుకెళ్లి బిగించి, నడిపించి చూపించి వచ్చేవాళ్లం. బిగించే పనిలో పాతవాళ్లం ఇద్దరమే, నేనూ అతనూ. నాకంటే వయసులో చాలా చిన్నవాడు. చేరిన కొత్తలో నా వెంటే తిరిగి పని నేర్చుకున్నాడు. నన్ను అన్నా అనేవాడు, నేను తమ్మీ అనేవాణ్ని. రక్తసంబంధం ఏమీ లేదు. ఇక్కడ కూడా తమ్ముడనే రాస్తాను.

తమ్ముడు ఒక మిల్లులో పొద్దున అడుగుపెడితే మధ్యాహ్నం భోజనాల వేళకు హమాలీలతో సహా అందరి పేర్లూ వాడి నోట్లో ఉండేవి. ఎవరి బిడ్డ ఇంజనీరింగ్ చదువుతోంది, ఎవరికి మోకాలి నొప్పి, ఎవరింట్లో పెళ్లి కుదిరింది, అన్నీ తెలిసేవి. వాళ్ల సద్దిలోంచి పచ్చడి అడిగి మరీ తినేవాడు. నేను నెలంతా పనిచేసి వచ్చినా ఆ మిల్లు వాచ్‌మన్ పేరు నాకు తెలిసేది కాదు. పులిసిన మజ్జిగ తాగిన మొహం వేసుకుని తిరుగుతానని మా ఆవిడ అంటూ ఉంటుంది. అద్దంలో చూసుకున్నప్పుడు ఆమె అన్నది కాదనలేకపోయాను.

ఆ రోజుల్లో మా ఆఫీసులో ఒక కుర్చీ ఖాళీ కాబోతోంది. బిగింపు పనులన్నిటికీ ఇంచార్జిగా ఉన్న పెద్దాయన రిటైర్ అవుతున్నాడు. తరవాత ఆ కుర్చీ ఎవరిదన్నది కంపెనీ యజమాని, మా సారు తేల్చాలి. నాకు అప్పటికే నిచ్చెన ఎక్కితే మోకాళ్లు కటకటమంటున్నాయి. ఆ కుర్చీ దొరికితే మిగిలిన సర్వీసు మర్యాదగా గడిచిపోతుంది. దొరకలేదా, నా దగ్గర పని నేర్చుకున్నవాడు పంపిన చోటికి టూల్ కిట్ పట్టుకుని పోవాలి.

సరిగ్గా అప్పుడే ఊరి బయట ఒక రైస్ మిల్లు పని వచ్చింది. ఆ మిల్లు సేటు ఒకే షెడ్డులో పక్కపక్కన రెండు కొత్త లైన్లు పెడుతున్నాడు. రెంటిలోనూ అవే మెషీన్లు. మా సారు మొదటి లైను నాకిచ్చాడు, రెండోది తమ్ముడికిచ్చాడు. పైకి ఏమీ అనలేదు గానీ అది పందెమని ఇద్దరికీ అర్థమైంది.

ఇక్కడ కొంచెం పని సంగతి చెప్పాలి, లేకపోతే తరవాత జరిగింది మీకు అర్థం కాదు. లైను చివర బియ్యం బస్తాల్లోకి నింపే మెషీన్ ఉంటుంది. దాని కింద తూకం పట్టే లోడ్ సెల్ ఉంటుంది. అది పంపే సిగ్నల్ మహా బలహీనం. అదే షెడ్డులో బియ్యానికి మెరుగుపెట్టే పాలిషర్ మోటారు ఉంటుంది. ఆ మోటారు వేగాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉండే డ్రైవ్ నుంచి పోయే కరెంటు ఊరుకునే రకం కాదు, పక్కనున్న కేబుళ్లలోకి దూరుతుంది. మేం దాన్ని నాయిస్ అంటాం గానీ చెవికి వినపడేది కాదు. లోడ్ సెల్ కేబుల్ దానికి దొరికిందంటే తూకం అంకెలు పూనకం వచ్చినట్టు ఊగుతాయి.

దీన్ని రాకుండా ఆపాలంటే బిగించేటప్పుడే ఆపాలి. మోటారు కేబుల్‌నూ సిగ్నల్ కేబుల్‌నూ వేరే వేరే దారుల్లో తీసుకుపోవాలి. సిగ్నల్ కేబుల్ లోపల సన్న తీగల అల్లిక ఉంటుంది, దాన్ని షీల్డ్ అంటాం. ఆ షీల్డ్‌ను జడలా మెలిపెట్టి ఏదో ఒక స్క్రూ కింద దూర్చకూడదు, చుట్టూ అంటిపెట్టుకునే క్లాంపుతో ప్యానెల్ ఇనుముకు బిగించాలి. ఆ క్లాంపు కూర్చునే చోట రంగు ఉండకూడదు. ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకాలి. చూసేవాళ్లకు ఇది పాడుచేయడంలాగే కనిపిస్తుంది.

సేటుకూ అలాగే కనిపించింది. నేను గీకుతుంటే వెనక నిలబడి గుండె పట్టుకున్నాడు.

"ఏం సారూ, కొత్త ప్యానెల్‌ను గట్ల గీకుతానవేంది? పెండ్లిపిల్ల మొఖం మీద బ్లేడు పెట్టినట్టున్నది!"

"రంగు అడ్డముంటే ఎర్తు సరిగ దొరకది సేటూ."

"రంగు మంచిగుండాలెనని నేనే చెప్పి ఏయించిన గదా. నువ్వేమో పొట్టు తీస్తానవు."

నేను గీకుతూనే ఉన్నాను. అది నా తప్పేమీ కాదు గానీ తమ్ముడైతే ఆపి, సేటును కూర్చోబెట్టి, చాయ్ తాగుతూ ఏదో ఒకటి చెప్పి నవ్వించేవాడు. నేను భోజనానికి పోయి వచ్చేసరికి సేటు తన పెయింటర్‌ను పంపించాడు. ఆ పెయింటర్ ఎంతో శ్రద్ధగా, నేను గీకిన చోట్లన్నిటికీ చక్కగా రంగు పూస్తున్నాడు. సగం అయిపోయాయి కూడా. "తక్లీబ్ ఏం లేదు సార్, ఎవ్వలు గీకిన్రో ఏమో, నేను మంచిగ చేసిస్త" అని నన్నే ఓదార్చాడు. అతను పోయేదాకా ఆగి మళ్లీ మొదటినుంచీ గీకాను. తుప్పు పట్టకుండా గీకిన చోట వాజిలీన్ పూసి, క్లాంపులు బిగించి, ప్యానెల్ తలుపుకు తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకున్నాను.

లోడ్ సెల్ కేబుల్‌కు వేరే దారి కావాలని గోడకు రంధ్రాలు కొట్టించేసరికి ఇంకా ఆలస్యమైంది. నా లైనుకు సేటు పెట్టుకున్న ముహూర్తం దాటిపోయింది. అలా నా లైను ఏ హంగూ లేకుండా ఒక మామూలు పూట మొదలైంది. కొబ్బరికాయ వాచ్‌మన్ కొట్టాడు. చిప్ప కూడా అతనే తీసుకుపోయాడు.

తమ్ముడు తన లైనును చకచకా లాగేస్తున్నాడు. కేబుళ్లు పరిచే ఒకే ఇనుప ట్రేలో మోటారు కేబుల్, దాన్ని ఆనుకునే లోడ్ సెల్ కేబుల్, రెంటినీ కలిపి ప్లాస్టిక్ టైలతో కట్టాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. ప్యానెల్ రంగు ఎక్కడా చెక్కుచెదరలేదు. సేటు నన్ను పిలిచి మరీ చూపించాడు.

తమ్ముణ్ని పక్కకు తీసుకుపోయాను. "తమ్మీ, ఆ రెండు కేబుళ్లను పక్కపక్కన పండవెట్టకు. తిప్పలైతది."

"తెలుసన్నా. ముహూర్తం దగ్గరవడ్డది, సేటు తొందరవెడ్తాండు. ముందుగాల నడువనీ. తర్వాత ఏమన్నయితే నేనున్న గదా."

నేనున్న గదా. వాడి ఊతపదం అది. ఆ మాట వింటే మిల్లు సేట్లకు ప్రాణం లేచొచ్చేది. నేను ఎప్పుడూ ఎవరితోనూ ఆ మాట అనలేదు, అనాల్సిన పని పడలేదు.

రెండో లైను ప్రారంభం పెళ్లిలా జరిగింది. షెడ్డులో పందిరి వేశారు. ప్యానెళ్లకు పసుపూ కుంకుమా పెట్టి బంతిపూల దండలు వేశారు. చుట్టుపక్కల మిల్లుల సేట్లందరూ వచ్చారు. మా సారు ముందు వరుసలో కూర్చున్నాడు. నేను వెనక, వంటవాళ్లకు దగ్గరగా కూర్చున్నాను. నా లైను మా పక్కనే నడుస్తూ ఉంది. బస్తా నిండుతోంది, కుట్టుపడుతోంది, బెల్టు మీద పోతోంది. దానివైపు ఎవరూ చూడలేదు.

ముఖ్య అతిథి బటన్ నొక్కాడు. మొదటి బస్తా సరిగ్గా తూగింది, చప్పట్లు కొట్టారు. అప్పుడు ఆ లైను పాలిషర్ మోటారు మొదలైంది. అంతే, తూకం అంకెలు లేచాయి. ఖాళీ బస్తా నిండు మనిషంత బరువు చూపించింది. తరవాత బస్తా సగం కూడా నిండకుండానే మూతపడింది. ఇంకోటి నిండి, పొంగి, బియ్యం అతిథి చెప్పుల మీద పడ్డాయి. సేటు మొహం పాలిపోయింది. వెనక నుంచి ఎవరో ముహూర్తం మంచిది కాదేమో అన్నారు.

నిజం చెబుతున్నాను, అప్పుడు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. చేతిలో ఉన్న లడ్డూ అంతకుముందుకంటే తియ్యగా అనిపించింది.

తమ్ముడు లేచాడు. నవ్వుతూ లేచాడు. ఆ జనం మధ్యలో నేనైతే చెమటలు పట్టి, నోరు పెగలక, స్క్రూడ్రైవర్ కూడా జారవిడిచేవాణ్ని. వాడు మైకులో చెప్పినట్టు గట్టిగా, "ఎవ్వలు ఫికర్ చెయ్యకున్లి, కొత్త కోడలు గద, జర బెదిరింది" అన్నాడు. అందరూ నవ్వారు. పాలిషర్ ఆపించాడు, అంకెలు నిలబడ్డాయి. మళ్లీ వేయించాడు, ఊగాయి. "దొరికింది" అన్నాడు. వ్యాన్‌లోంచి కొత్త లోడ్ సెల్ కేబుల్ తెప్పించాడు. ట్రే జోలికి పోకుండా పందిరి గుంజల మీదుగా, బంతిపూల దండల మధ్యనుంచి దాన్ని లాక్కుపోయాడు. ప్యానెల్ తెరిచి, స్క్రూడ్రైవర్ మొనతో రంగు గీకాడు. అవును, అందరి ముందూ, ఆ సేటు ముందే గీకాడు. షీల్డ్‌ను చుట్టూ పట్టేలా క్లాంపు వేశాడు. అంకెలు బొమ్మలా నిలబడిపోయాయి.

చప్పట్లు షెడ్డు రేకులకు తగిలాయి. నేను నెలరోజులు తిట్లు తింటూ మూల కూర్చుని చేసిన పనే వాడు నిమిషాల మీద, పూలదండల మధ్య నిలబడి చేశాడు. నేను గీకితే పాడుచేయడం, వాడు గీకితే వైద్యం. మిగిలిన లడ్డూను కుర్చీ కింద పెట్టేశాను.

సేటు శాలువా తెప్పించి తమ్ముడికి కప్పాడు. అక్కడితో అయిపోయినా బాగుండేది. వాడు ఆ శాలువా తీసి చేత్తో పట్టుకుని, వరుసలు దాటుకుంటూ వెనక్కి వచ్చి, నా భుజాల మీద కప్పాడు. "గీ పని నాకు నేర్పింది మా అన్ననే" అన్నాడు. మళ్లీ చప్పట్లు, ఈసారి ఇంకా ఎక్కువ. నాకోసం అనుకుంటున్నారా? "ఎంత పెద్ద మనసు పోరనిది!" అని నా పక్కనున్నాయన కళ్లు తుడుచుకున్నాడు. ఇంటికి పోయి జరిగింది చెబితే మా ఆవిడ కూడా, "బంగారం అసొంటి పిలగాడు, ఒకపారి అన్నానికి పిలువున్లి" అంది. ఆ రాత్రి శాలువాను బీరువా మీదికి విసిరేశాను.

వారం తిరక్కుండా మా సారు నన్ను పిలిచాడు. కుర్చీ తమ్ముడికి ఇస్తున్నానని చెప్పాడు. నేను నిలబడే ఉన్నాను.

"సార్, పక్కపక్కన రెండు లైన్లున్నయి. ఒకటి ఒక్కపారి కూడ ఆగలే. ఇంకోటి మొదటి దినమే ఆగింది. మీరే చూసిన్రు గదా."

సారు చెడ్డవాడు కాదు. కాసేపు పేపర్‌వెయిట్ తిప్పి, నిజమే చెప్పాడు. "నీ పనికి వంక లేదయ్యా. గని నువ్వు చేసిన మిల్లుల నుంచి మళ్ల ఫోన్ రాదు. ఫోన్ రాకుంటే వాళ్లు మనల్ని మర్చిపోతరు. కొత్త మిల్లు పెట్టేటప్పుడు యాదికి రాము. అతను చేసిన చోటు నుంచి ఫోన్లు వస్తయి, పోతడు, బాగుచేస్తడు, కలిసి అన్నం తింటడు. తెల్లారి ఆర్డర్ వస్తది. ఏం చెయ్యమంటవు చెప్పు?"

ఇన్నేళ్లు దేన్నైతే నా గొప్పతనం అనుకున్నానో అదే నా మీద నేరంగా మోపాడు. పిల్లలూ, మీకెవరూ చెప్పరు గనక చెబుతున్నాను. జరగకుండా ఆపిన దానికి సాక్షులుండరు. ఇది తెలుసుకునే ఈ పనిలోకి రండి.

కొత్త ఇంచార్జి నన్ను పంపిన మొదటి చోటు పరకాల దగ్గర జిన్నింగ్ మిల్లు. "అన్నా, నీకు కష్టం కాకుంటేనే" అని చాలా మర్యాదగా అడిగాడు. ఆ మర్యాద నాకు కారం రాసినట్టుంది. అక్కడ పత్తి బేళ్ల తూకం. అవే లోడ్ సెల్స్, అలాంటి డ్రైవే. పని చివరికొచ్చింది. ఆఖరి క్లాంపు చేతిలో పట్టుకున్నప్పుడు నాకొక ఆలోచన వచ్చింది.

ఈ ఒక్క క్లాంపును రంగు మీదే బిగిస్తే? ఇప్పటికి నడుస్తుంది. సీజన్ జోరుగా ఉన్నప్పుడు, డ్రైవ్‌ల మీద భారం పెరిగినప్పుడు, ఎప్పుడో ఒకసారి అంకెలు ఊగుతాయి. ఫోన్ వస్తుంది. నేను పోతాను. ఎక్కడుందో నాకు ముందే తెలుసు గనక కాసేపు వెతికినట్టు నటించి, జనం పోగయ్యాక, దొరికింది అంటాను. ఆ మాట ఎలా అనాలో నోట్లోనే రెండుసార్లు అనుకుని చూసుకున్నాను కూడా. నవ్వుతూ అనాలి. నవ్వు నాకు అంతగా రాదు, అయినా ప్రయత్నించాలి.

క్లాంపును రంగు మీదే బిగించాను. తలుపు వేసి బయటికొచ్చి, మిల్లు గేటు దగ్గర చాయ్ తెచ్చుకుని కూర్చున్నాను. పత్తి లోడుతో ఒక ట్రాక్టర్ లోపలికి వచ్చింది. దాని మీద ఒక ముసలాయన తలకు తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు. మెషీన్ ఆగిపోయిన రోజు ఇలాంటి ట్రాక్టర్లన్నీ రోడ్డు మీద వరుస కడతాయి కదా అనిపించింది. అది చూసి మనసు మారిందని రాస్తే నాకు చాలా గౌరవంగా ఉంటుంది. కానీ మారలేదు. ఆ వరుసను చూస్తూ సేటు ఫోన్ తీస్తాడు కదా, ఎవరికి చేస్తాడు అనే ఆలోచన వచ్చినప్పుడు మారింది.

తమ్ముడికే చేస్తాడు! ఈ సేటు దగ్గర కూడా వాడి నంబరే ఉంది, నాది లేదు. నేను పెట్టి వచ్చిన పీడను వాడొచ్చి వదిలించి, నవ్వి, ఇంకో శాలువా కప్పించుకుంటాడు. ఆ శాలువా మళ్లీ తెచ్చి నాకే కప్పినా కప్పుతాడు.

చాయ్ పారబోసి పరుగులాంటి నడకతో లోపలికి పోయాను. క్లాంపు ఊడదీసి గీకడం మొదలుపెట్టాను. జీవితంలో ఎప్పుడూ అంత కసిగా గీకలేదు. నన్ను తీసుకుపోవడానికి తమ్ముడు డీసీఎం వ్యాన్‌లో వచ్చి, నా వెనక నిలబడింది కూడా చూసుకోలేదు.

"అన్నా, ఆ రంగు నీకేం పాపం చేసింది?" అన్నాడు.

వాజిలీన్ పూసి, క్లాంపు బిగించి, తలుపు వేశాను. ఈసారి అంతా సరిగ్గానే ఉంది.

తిరుగు ప్రయాణంలో డ్రైవర్ పక్కన ఇద్దరం ఇరుక్కుని కూర్చున్నాం. తమ్ముడు ఒళ్లో టిఫిన్ డబ్బా తెరిచి పెట్టుకున్నాడు. పొద్దున కట్టిన అన్నం అలాగే ఉంది. ముద్ద కలిపినప్పుడల్లా ఫోన్ మోగుతోంది. "వస్తాన సేటూ", "రేపు పొద్దుగాల మీ తాననే ఉంట", "గా బటన్ ఒకపారి ఒత్తి చూడున్లి, నేనున్న గదా." ఈసారి ఆ మాట అంటున్నప్పుడు వాడు నవ్వడం లేదని పక్కనుంచి చూస్తే తెలిసింది. గూడెప్పాడ్ దాటాక డబ్బా మూత పెట్టేశాడు.

"అన్నా, ఒక మాట చెప్త, నవ్వద్దు" అన్నాడు.

"చెప్పు."

"నాకు నీ మీద కుళ్లున్నదే."

నేను రోడ్డు వైపే చూస్తున్నాను.

"నీకు ఫోన్ రాదు. నువ్వు ఒక మిల్లు చేసి వచ్చినవంటే ఇగ దాన్ని మర్చిపోతవు. నాకట్ల కాదు. ఎక్కడ ఏం అడ్డదిడ్డం కట్టివచ్చిన్నో పండుకుంటె యాదికస్తది. మొన్న మా బిడ్డ పుట్టినరోజుకు కేకు కోసేటప్పుడు కూడ ఫోనే. ఆ దినం శాలువా కప్పుతాంటె నాకు నీ లైనే కనవడ్డది. దాని పాటికి అది నడుస్తాంది. మస్తు కుళ్లయింది. శాలువా మీదుంటె ఒళ్లు మండింది, తెచ్చి నీకేసిన. అందరేమో పెద్ద మనసన్నరు."

డ్రైవర్ హారన్ కొట్టి ఒక ఆటోను దాటించాడు. నా ఛాతీలో చాలా కాలంగా బిగిసి ఉన్నదేదో వదులైంది. జాలితో కాదు, ప్రేమతోనూ కాదు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నన్ను చూసి ఎవరూ కుళ్లుకోలేదు. ఇదే మొదటిసారి. అదీ అందరూ ఎవరినైతే చూసి మురిసిపోతారో వాడు. వాడన్న మాటల్లో ఒక్కటి కూడా నేను జారవిడవలేదు.

చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వాడివైపు వంగాను.

"బండి చప్పుడుకు ఇనవడలే తమ్మీ" అన్నాను. "మల్లొకపారి చెప్పు."